మౌస్ ఎవరికి తేలిక?

(ఇంజనీరింగ్ విద్యార్థులు, సాధారణ పాఠకులు కలిసి కూర్చున్న ఒక సాయంకాల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద నాలుగు మౌస్‌లు పెట్టాను. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకి కనబడకపోతే ఏమీ ఫర్వాలేదు, సభ అయ్యాక వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. అసలు వీటిని చూడటం కంటే పట్టుకోవడమే ముఖ్యం.

మౌస్ గురించి ఇంతసేపు మాట్లాడటానికి ఏముంటుందని మీలో కొందరికి ఈపాటికే అనిపించి ఉంటుంది. నేను చెప్పదలచుకున్నది నిజానికి ఒక్కటే. ఫలానా వస్తువు వాడటానికి చాలా తేలిక అని ఎవరైనా అంటే, ఎవరికి తేలిక అని తిరిగి అడగండి. ఇవాళే మొదటిసారి పట్టుకున్నవాళ్లకా? పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా దానితోనే పనిచేసేవాళ్లకా? ఈ ఇద్దరికీ కావలసింది ఒకటి కాదు. చాలాసార్లు ఒకరికి పనికొచ్చేది ఇంకొకరికి అడ్డమవుతుంది. మౌస్ పుట్టినప్పటి నుంచి ఈ తగాదా నడుస్తూనే ఉంది.

మొదటి మౌస్ తయారైంది 1964లో, కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరుకి వచ్చిన ఆలోచన అది. దాన్ని చేతికి పట్టే వస్తువుగా చేసి పెట్టినవాడు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్. ఒక చెక్క దిమ్మ. దాని కింద రెండు లోహపు చక్రాలు, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. పైన ఒకే ఒక బటన్. ముందుకు తోస్తే ఒక చక్రం తిరుగుతుంది, పక్కకి తోస్తే రెండోది తిరుగుతుంది, ఏటవాలుగా తోస్తే రెండూ కాస్త తిరుగుతూ కాస్త జారుతూ పోతాయి. తీగ మొదట్లో వెనకవైపు నుంచి, అంటే మణికట్టు వైపు నుంచి వచ్చేదట. చేతికి అడ్డం పడుతుంటే ముందుకు మార్చారు.

నాకు ఆ చెక్క దిమ్మ కంటే, వాళ్లు దాన్ని పరీక్షించిన తీరు ఎక్కువ నచ్చుతుంది. తాము చేసిందే గొప్పదని వాళ్లు అనుకోలేదు. నాసా ఇచ్చిన డబ్బుతో, అప్పటికి దొరికే పరికరాలన్నీ తెచ్చి పోటీ పెట్టారు. తెర మీద నేరుగా ఆనించే లైట్ పెన్, జాయ్‌స్టిక్, గ్రాఫకాన్ అని సాగే చేయిలాంటి మరో పరికరం. ఇవి కాక బల్ల కింద బిగించి మోకాలితో కదిపే పరికరం ఒకటి సొంతంగా చేశారు. నవ్వకండి, నిజంగానే మోకాలితో. తెర మీద కనబడే అక్షరాన్ని ఎవరు ఎంత త్వరగా, ఎన్ని తప్పులతో పట్టుకుంటున్నారో కొలిచి, 1967లో ఫలితాలు ప్రచురించారు.

ఆ ఫలితాల్లో ఒక తమాషా ఉంది. కొత్తవాళ్ల విషయంలో మౌస్ గెలవలేదు. మొదటిసారి కూర్చున్నవాళ్లకి లైట్ పెన్నూ మోకాలి పరికరమూ మౌస్ కంటే వేగంగా పనిచేశాయి. అదీ సహజమే కదా. కనబడుతున్న చోట పెన్ను ఆనించడానికి నేర్చుకోవలసింది ఏముంది? కానీ చేయి అలవాటు పడినవాళ్ల దగ్గరకి వచ్చేసరికి మౌసే ముందుంది, పైగా దానితో తప్పులూ తక్కువే. లైట్ పెన్‌తో ఇంకో చిక్కు. ప్రతిసారీ చేయెత్తి తెర దాకా చాచాలి. అది అయిదు నిమిషాలు సరదా, అరగంట తర్వాత భుజం లాగుతుంది.

ఇప్పుడు ఊహించుకోండి. ఇవాళ చాలా చోట్ల చేస్తున్నట్టే, నలుగురు కొత్తవాళ్లని పిలిచి పది నిమిషాలు వాడించి, ఏది బాగుందని అడిగి నిర్ణయం తీసుకుని ఉంటే? మనమందరం ఆఫీసుల్లో మోకాళ్లు ఆడిస్తూ కూర్చునేవాళ్లం.

ఎంగెల్‌బార్ట్ పూర్తిగా రెండో పక్షం మనిషి. పనిలో ఆరితేరినవాళ్ల చేతికి పదును పెట్టాలన్నదే ఆయన పట్టుదల. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయన ఇచ్చిన గంటన్నర ప్రదర్శన కంప్యూటర్ చరిత్రలో చాలా పేరున్నది. అప్పటికి మౌస్‌కి మూడు బటన్లు వచ్చాయి. మూడే ఎందుకంటే అంతకుమించి స్విచ్‌లు ఆ పెట్టెలో పట్టలేదు! కుడిచేతిలో మౌస్. ఎడమచేతి కింద అయిదే అయిదు మీటలున్న చిన్న పలక. పియానో వాయించేటప్పుడు రెండు మూడు మెట్లు కలిపి నొక్కుతారే, అలా వాటిని నొక్కితే 31 రకాల సంకేతాలు వస్తాయి. వాటితో అక్షరాలు కొట్టొచ్చు. కుడిచేయి మౌస్ వదలక్కర్లేదు, ఎడమచేయి పలక వదలక్కర్లేదు. నేర్చుకున్నవాడి వేగం చూడముచ్చటగా ఉంటుంది. నేర్చుకునేదాకా మాత్రం తల ప్రాణం తోకకి వస్తుంది. ఆ మాట ఎవరైనా అంటే ఎంగెల్‌బార్ట్ మూడు చక్రాల బండినీ సైకిల్‌నీ చూపించేవాడు. మూడు చక్రాల బండి ఎక్కడానికి ఎవరూ నేర్పక్కర్లేదు, కానీ పెద్దయ్యాక దాని మీద ఎవరూ ఊరు దాటరు అని.

ఆ అయిదు మీటల పలక నిలబడలేదు. మౌస్ ఒక్కటే మిగిలింది. ఆ పలక సంగతి మళ్లీ చెబుతాను, గుర్తుంచుకోండి.

తర్వాతి మజిలీ జెరాక్స్ కంపెనీ పాలో ఆల్టో పరిశోధన కేంద్రం. అందరూ పార్క్ అనేవారు. బిల్ ఇంగ్లిష్ అక్కడికి మారాడు, చక్రాల బదులు బంతి వచ్చింది, 1973లో ఆల్టో అనే కంప్యూటర్ వచ్చింది. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ 1968లోనే, వీళ్లతో సంబంధం లేకుండా, బంతి ఉన్న మౌస్ ఒకటి చేసింది. ఆ కథ వేరు.

పార్క్‌లో స్టూవర్ట్ కార్డ్ అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి చేసిన పని మీద మాత్రం కాస్త ఆగాలి. ఆయన మనస్తత్వశాస్త్రం చదివినవాడు. అంతకు ముందే, 1954లో, పాల్ ఫిట్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త చేతి కదలికల మీద ఒక సూత్రం తేల్చాడు. ఒక గురి మీదికి చేయి వెళ్లడానికి పట్టే సమయం రెండింటి మీద ఆధారపడుతుంది. గురి ఎంత దూరంలో ఉంది, ఎంత వెడల్పుంది. దూరం రెట్టింపయితే సమయం రెట్టింపు కాదు, కొంచెం పెరుగుతుంది. వెడల్పు సగమైతే? అప్పుడు కూడా సరిగ్గా అంతే పెరుగుతుంది. కార్డ్ బృందం 1978లో ప్రచురించిన అధ్యయనంలో మౌస్, జాయ్‌స్టిక్, బాణాల మీటలు అన్నీ పోల్చి చూసింది. మౌస్‌తో గురిపెట్టే తీరు, ఉత్త చేత్తో గురిపెట్టే తీరు దాదాపు ఒకే స్థాయిలో ఉన్నాయి. అంటే ఆలస్యం ఆ పరికరంలో లేదు. మన కంట్లో, నరాల్లో, కండరాల్లో ఉంది. ఇంతకంటే వేగమైన పరికరం కావాలంటే ముందు మనిషిని మార్చాలి.

ఇక్కడ కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఉన్నారు కాబట్టి ఒక చిన్న సంగతి. బాణం గుర్తు తెర అంచు దాటి పోదు కదా. కాబట్టి అంచుకి ఆనుకుని ఉన్న బటన్ ఎంత సన్నగా ఉన్నా, చేతికి అది చాలా పెద్ద గురి. కళ్లు మూసుకుని విసిరినా అక్కడే ఆగుతుంది. మూలయితే ఇంకా మంచిది, రెండు వైపులా గోడే. మకింటాష్‌లో మెనూ ఎప్పుడూ తెర పైఅంచునే ఉండటంలో ఉన్న లాభం ఇదే. విండోస్ 95లో స్టార్ట్ బటన్‌ని ఎడమచేతి కింది మూలలో పెట్టారు. భేషైన చోటు. కానీ బటన్‌కీ అంచుకీ మధ్య ఒకటి రెండు పిక్సెళ్ల ఖాళీ వదిలారు. చూడటానికి అందంగా ఉంటుందని కాబోలు. విసిరిన బాణం నేరుగా ఆ ఖాళీలో పడేది, నొక్కితే ఏమీ జరిగేది కాదు! తర్వాతి విండోస్‌లలో సరిచేశారు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు ఆ స్టార్ట్ బటన్‌నే మూల నుంచి తీసుకెళ్లి తెర కింది అంచు మధ్యభాగంలో పెట్టారు. ఎవరికి తేలిక అని అడగమన్నది ఇందుకే. కొత్తవాడి కంటికి మధ్యలో ఉంటే బాగానే కనబడుతుంది. రోజుకి యాభైసార్లు అక్కడికి వెళ్లే చేతికి మూల పోయింది. నేను ఎవరి కంప్యూటర్ బాగుచేసినా ముందు దాన్ని ఎడమకి జరుపుతాను. అదొక పిచ్చి అనుకోండి.

ఇక ఆపిల్ దగ్గరికి వద్దాం. 1979లో స్టీవ్ జాబ్స్ పార్క్‌కి వెళ్లి మౌస్ చూశాడు. డిజైన్ పని డీన్ హోవీ అనే కుర్రవాడి సంస్థకి అప్పగించాడు. హోవీ తర్వాతి కాలంలో చెప్పుకున్నదాని ప్రకారం, జెరాక్స్ మౌస్ ఖరీదు 300 డాలర్లు, రెండు వారాల్లో పాడవుతుంది. మనది 15 డాలర్లలోపు తయారవ్వాలి, రెండేళ్లు ఆగాలి, బల్ల మీదా నడవాలి, నా జీన్ ప్యాంటు మీదా నడవాలి అన్నాడట జాబ్స్. హోవీ దుకాణానికి వెళ్లి చంకల్లో రాసుకునే రోల్-ఆన్ సీసాలు కొని, అందులోని బంతి పీకి, వెన్న పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బాలో అమర్చి చూశాడు. ఖరీదు తగ్గిన కిటుకు మాత్రం వేరే ఉంది. అప్పటిదాకా బంతిని గట్టిగా అదిమిపట్టే ఏర్పాటు ఉండేది. వీళ్లు బంతిని దాని మానాన దాన్ని వదులుగా తేలనిచ్చారు. భాగాలు తగ్గాయి. పైగా కింద మూత తిప్పి బంతి బయటికి తీసి ఎవరికి వాళ్లే శుభ్రం చేసుకునే వీలొచ్చింది.

(ఒక మౌస్ తిరగేసి మూత తీస్తూ) ఇదిగో, ఇలా. మీలో ముప్పై దాటినవాళ్లందరూ చేసిన పనే ఇది. ఉక్కు గుండుకి రబ్బరు తొడుగు. లోపల ఒకదానికొకటి అడ్డంగా రెండు సన్నటి రోలర్లు, బంతిని వాటి మీదికి నెట్టడానికి స్ప్రింగు మీద చిన్న చక్రం. రోలర్ల మధ్యలో నల్లటి పట్టీలా కట్టుకుపోయిన మురికి ఉందే, అది బల్ల మీది దుమ్మూ మన చేతి జిడ్డూ కలిసి గట్టిపడింది. అది చేరితే బాణం గెంతుతుంది. గోటితో గీకితే తీగలా ఊడివస్తుంది. ఆ కాలంలో ఇంటర్నెట్ సెంటర్లలో, స్కూలు ల్యాబుల్లో ఈ బంతులు తరచూ మాయమయ్యేవి కూడా.

ఆపిల్ తీసుకున్న పెద్ద నిర్ణయం బంతి కాదు, బటన్. ఎన్ని ఉండాలన్న దాని మీద లోపల పెద్ద వాదులాటే జరిగింది. పార్క్ నుంచి వచ్చిన ల్యారీ టెస్లర్ ఒక్కటే చాలన్నాడు. ఆయన కొత్తవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని వాళ్ల చేతులు గమనించడంలో దిట్ట. రెండు మూడు బటన్లుంటే ఏది నొక్కాలో తేల్చుకోలేక జనం చేతివంక చూసుకుంటారు, ఒక్కటే ఉంటే తప్పు నొక్కే ప్రశ్నే రాదు. 1983లో లీసా కంప్యూటర్, 1984లో మకింటాష్ ఒకే బటన్‌తో వచ్చాయి. అదే 1983లో మైక్రోసాఫ్ట్ రెండు బటన్ల మౌస్ తెచ్చింది.

ఒక్క బటన్ అన్నది చాలా గొప్ప ఆలోచనే. కానీ పనులు తగ్గలేదు కదా. ఎంచుకోవడం వేరు, తెరవడం వేరు. రెండు పనులకి ఒకే బటన్ ఉంటే ఏం చేయాలి? అలా డబుల్ క్లిక్ అందరి నెత్తినా పడింది. చేతిలో ఉన్న కష్టాన్ని తీసేశామనుకున్నారు, తీరా చూస్తే అది రెండు నొక్కుళ్ల మధ్య సమయంలోకి మారింది.

పెద్దవాళ్లకి కంప్యూటర్ నేర్పినవాళ్లు ఈ సభలో ఉంటే వాళ్లకి తెలుస్తుంది, అన్నిటికంటే ఏడిపించేది డబుల్ క్లిక్కే. విండోస్‌లో మామూలుగా రెండు నొక్కుళ్ల మధ్య గడువు 500 మిల్లీసెకన్లు, అంటే అర సెకను. అది ఒక్కటే అయితే ఫర్వాలేదు. రెండో నొక్కు మొదటి నొక్కు పడిన చోటు నుంచి రెండు మూడు పిక్సెళ్లలోపే పడాలి. వణికే చేతికి ఇది ఎంత కష్టమో చూడండి. వేలు నొక్కేటప్పుడు అరచేయి కూడా కాస్త జరుగుతుంది. జరిగితే ఫైల్ తెరుచుకోదు, పక్క ఫోల్డర్‌లోకి ఈడ్చుకుపోతుంది. జరగకుండా మెల్లిగా నొక్కారా, పేరు మార్చమంటావా అని ఫైల్ పేరు నీలంగా మారుతుంది. అప్పుడు చేయి కీబోర్డుకి తగిలితే పాత పేరు పోయి ఏదో ఒక అక్షరం మిగులుతుంది. ఫైల్ పోయిందని ఇంట్లో అందరికీ టెన్షన్. అది అక్కడే ఉంటుంది, కె అనో, ఎల్ అనో పేరు పెట్టుకుని. కష్టపడి డబుల్ క్లిక్ నేర్చుకున్నవాళ్లు ఆ తర్వాత వెబ్‌సైట్లలోనూ అన్నీ రెండేసిసార్లు నొక్కుతారు. డబ్బు కట్టే పేజీల్లో 'ఒక్కసారే నొక్కండి' అని బతిమాలే వాక్యం ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమైందా?

దీనికి మందు ఉంది, చాలామంది వాడరు. మౌస్ సెట్టింగుల్లో డబుల్ క్లిక్ వేగం తగ్గించుకోవచ్చు. లేదా ఒక్కసారి నొక్కి ఎంటర్ కొట్టమనండి. నేనైతే రెండోదే చెబుతాను.

ఆపిల్‌దే ఇంకో ఉదాహరణ. 1998లో మొదటి ఐమ్యాక్‌తో ఒక గుండ్రటి మౌస్ ఇచ్చారు. ఐస్ హాకీలో వాడే 'పక్' అనే బిళ్లలా ఉందని దానికి ఆ పేరే స్థిరపడింది. బొమ్మలో ముద్దొస్తుంది. కానీ గుండ్రంగా ఉన్నదానికి ముందేది, వెనకేది? చేయి చూడకుండా పట్టుకుంటుంది కాబట్టి, మౌస్ కాస్త పక్కకి తిరిగినా తెలియదు. మీరు పైకి తోస్తారు, బాణం ఏటవాలుగా పోతుంది. 2000లో దాన్ని మార్చేశారు. ఇది ఏ పక్షానికీ తేలిక కాలేదు, దుకాణంలో చూసేవాడి కంటికి తప్ప. అన్నట్టు, ఛార్జింగ్ రంధ్రం పొట్టకింద ఉన్న 2015 నాటి మ్యాజిక్ మౌస్‌ని చూసి లోకమంతా నవ్వింది. నాకు అది అంత పెద్ద తప్పుగా అనిపించదు, ఎప్పుడో ఒకసారి పెట్టే ఛార్జింగ్ అది. అది మరీ చదునుగా ఉండటం అసలు తప్పు. అరచేతికి ఆసరా లేదు, రోజంతా వేళ్లు గాల్లో పట్టుకుని కూర్చోవాలి. దాని మీద జోకులు రాలేదు, ఎందుకంటే అది ఫోటోలో కనబడదు.

బంతిని సాగనంపింది 1999లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్. అడుగున చిన్న కెమెరా, పక్క నుంచి ఎర్ర దీపం. ఏటవాలు వెలుగులో బల్ల మీది గరుకుకి నీడలు పడతాయి. సెకనుకి 1,500 చొప్పున ఫోటోలు తీసి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆ నీడలు ఎటు జరిగాయో లెక్కగడుతుంది. నున్నటి గాజు మీద నీడలుండవు కాబట్టి అక్కడ తికమక పడుతుంది. ఇక పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసే డీపీఐ అంకె సంగతి. అది ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోకండి. అది చేయి ఎంత కదిలితే బాణం ఎంత కదలాలన్న దానికి సంబంధించినది, సుఖానికి కాదు.

మధ్యలో చక్రం 1996లో ఇంటెల్లిమౌస్‌తో అందరికీ పరిచయమైంది. దాని గురించి నాకు ఫిర్యాదులే లేవు. ఎవరూ నేర్పకుండానే వేలు దాని మీదికి పోతుంది, ఇరవై ఏళ్లు వాడినా విసుగు రాదు. రెండు పక్షాలకీ సరిపోయిన భాగం నా దృష్టిలో అదొక్కటే.

ఇప్పుడు ఆ అయిదు మీటల పలక దగ్గరికి వద్దాం. అది పోయిందన్నాను కదా, నిజానికి పోలేదు. మన ఊళ్లలో శుభలేఖలు, కరపత్రాలు వేసే డీటీపీ సెంటర్లో ఒక్క పావుగంట నిలబడి ఆపరేటర్ చేతులు చూడండి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు ఏళ్ల తరబడి వాడిన చేయి. కుడిచేయి మౌస్ మీద ఉంటుంది. ఎడమచేయి కీబోర్డు కింది ఎడమమూలని వదలదు. కంట్రోల్ మీద చిటికెన వేలు, జెడ్, ఎక్స్, సీ, వీ మీద మిగతా వేళ్లు. ఎంచుకోవడం కుడిచేత్తో, కత్తిరించి అతికించడం ఎడమచేత్తో. మీ తాతగారి పేరులో ఒత్తు మారిందని మీరు నోటితో చెప్పేలోపు మార్చేసి తలెత్తి చూస్తాడు. ఆ నాలుగు అక్షరాలు పక్కపక్కనే పెట్టింది లీసా వాళ్లు, అంటే ఒక్క బటన్ చాలని వాదించిన ఆ జట్టే. కొత్తవాడికి తెర మీద మెనూ, పాతకాపుకి ఎడమచేతి కింద మీటలు. రెంటికీ చోటిచ్చారు, ఒకరి దారిలో ఇంకొకరు అడ్డం పడకుండా. కంప్యూటర్ గేములు ఆడే మీ పిల్లల ఎడమచేయి కూడా చూడండి, అలాగే వేరే నాలుగు అక్షరాల మీదే ఉంటుంది.

చేతి నొప్పుల గురించి కాస్త చెప్పి ముగిస్తాను. అరచేయి బల్లకేసి బోర్లా పెడితే ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. కరచాలనం చేసేటప్పుడు చేయి ఉండే భంగిమలో ఆ మెలిక తగ్గుతుంది. నిలువు మౌస్‌లు వచ్చింది అందుకే. (ఒకటి ఎత్తి చూపుతూ) ఇది అలాంటిదే. మొదటి వారం దీనితో గురి తప్పుతుంది, చిరాకేస్తుంది, చాలామంది అక్కడే అవతల పారేస్తారు. అది కొనేముందు ఒక చిన్న సంగతి చూసుకోండి. మీ కీబోర్డుకి కుడిపక్కన అంకెల మీటల గడి ఉందా? దానివల్ల మౌస్ జానెడు దూరం కుడికి జరిగి, భుజం రోజంతా విప్పారి ఉంటుంది. అంకెలు పెద్దగా కొట్టని పనయితే ఆ గడి లేని కీబోర్డు తీసుకోండి, మౌస్ దగ్గరికొస్తుంది. కొనేటప్పుడు పెట్టెలోది చూసి కాదు, చేతిలో పెట్టుకుని కొనండి. చిన్న చేతికి పెద్ద మౌస్ ఇస్తే వేళ్లు చక్రం దాకా చాచాలి, పెద్ద చేతికి ల్యాప్‌టాప్ సంచీలో పట్టే బుల్లి మౌస్ ఇస్తే వేళ్లు ముడుచుకుంటాయి.

(సభలోంచి ఒక ప్రశ్న: మా అమ్మాయిది ఎడమచేతి వాటం. స్కూలు ల్యాబులో మౌస్ కుడివైపే ఉంటుంది. ఏం చేయమంటారు?)

మంచి ప్రశ్న అమ్మా. ముందు ఆ అమ్మాయినే అడగండి. ఎడమవాటం వాళ్లలో చాలామంది మౌస్‌ని కుడిచేత్తోనే పట్టుకుంటారు, ఎడమచేత్తో పక్కనే నోట్సు రాసుకోవచ్చు కాబట్టి వాళ్లకి అదొక వసతి. అలా కాదు, ఎడమవైపే కావాలంటే, రెండువైపులా ఒకేలా ఉండే మామూలు చవక మౌస్ కొనివ్వండి. ఈ ఖరీదైన, చేతి ఆకారంలో మలచినవి ఎక్కువభాగం కుడిచేతివే, ఎడమచేతికి గుచ్చుకుంటాయి. బటన్లు తారుమారు చేసే సెట్టింగు ఉంది గానీ, ల్యాబులో అందరూ వాడే కంప్యూటర్‌లో అది మార్చి వదిలేస్తే తర్వాత కూర్చున్న పిల్లలు గగ్గోలు పెడతారు. బటన్లు అలాగే ఉంచి, మౌస్ ఒక్కటి ఎడమకి జరుపుకుని, మధ్యవేలితో మామూలు క్లిక్ నొక్కడం అలవాటు చేసుకోమనండి. తీగ అటువైపు అందకపోతే ల్యాబ్ సార్‌ని అడిగి కంప్యూటర్ వెనక నుంచి తిప్పించండి.